వానల్లో బిగించిన గడియలు

వడ్రంగి బ్రహ్మచారి దీపం మసిని వేలి కొసతో తీసి ఇనుప గడియ కడ్డీ చివర పూశాడు. తలుపు మూసి కడ్డీని పైకి నెట్టాడు, కిందికి లాగాడు. తలుపు తెరిచి స్టూలెక్కి దర్వాజ పై పట్టెను చూశాడు. కడ్డీ దూరవలసిన రంధ్రం పక్కన, వడ్లగింజ వెడల్పు దూరంలో, నల్లటి చుక్క పడి ఉంది. అంటే కడ్డీ రంధ్రంలోకి పోవడం లేదు, అంచుకు గుద్దుకుని ఆగిపోతోంది. అతను ఉలి తీసి, దాని నోటిని గోటి మీద ఆనించి పదును చూసుకుని, ఆ చుక్క వైపుకు రంధ్రాన్ని కొంచెం కొంచెంగా సాగదీయడం మొదలుపెట్టాడు.

ఆ ఇల్లు బోయిన్‌పల్లిలో రోసమ్మది. ఆమె చాలా ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి మానేసిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, కొత్త చింతపండులో గింజలు తీస్తోంది. పై గడియ శివరాత్రి నాటి నుంచీ పడటం లేదని, తను తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, కుర్చీలో రుబ్బురోలు పొత్రం పెట్టుకుంటున్నానని చెప్పింది. బ్రహ్మచారి ఊఁ అన్నాడు. ఆ వేసవిలో అతను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. గడియ పడటం లేదు, పడ్డది రావడం లేదు.

తప్పు అతనిదే. ఆ తప్పు అతనికి తెలుసు.

పోయిన ఏడు, పోలీస్ యాక్షన్‌కు ముందు వానాకాలంలో సికిందరాబాదులో వడ్రంగులకు ఒకటే పని, గడియలు. రోజుకో పుకారు వచ్చేది. రజాకార్లు ఫలానా ఊరు తగలబెట్టారని ఒకరు, పట్నంలో ఫలానా గల్లీ దాకా వచ్చారని ఒకరు. సగం కుటుంబాలు రైలెక్కి వెళ్ళిపోయాయి, మిగిలినవాళ్ళు తలుపులకు ఇనుము కొట్టించుకున్నారు. అమావాస్యనాడు పనిముట్టు ముట్టని ఆనవాయితీ ఉన్న ఇల్లు బ్రహ్మచారిది. ఆ ఏడాది అమావాస్యనాడు కూడా సంచి భుజాన వేసుకుని తిరిగాడు.

గడియ పెట్టించుకునేవాళ్ళు ఊరికే పెట్టించుకోరు. ఎందుకు పెట్టించుకుంటున్నారో చెబుతారు. అతను స్టూలు మీద నిలబడి బర్మాతో రంధ్రం తొలుస్తుంటే, కింద ఇంటివాళ్ళు తాము విన్నదంతా చెప్పేవాళ్ళు. ఎవరి ఇల్లు దోచారు, ఎవరి తమ్ముడు తిరిగి రాలేదు, ఏ రోడ్డు మీద ఏం కనబడింది. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో అనకూడదని అతని నియమం. అనేవాడు కాదు. అవన్నీ సాయంత్రానికి అతనితోపాటు లాలాగూడలోని తన ఇంటికి వచ్చేవి.

వానల్లో చెక్క నీళ్ళు పట్టి ఉబ్బుతుంది. పలకల తలుపైతే మరీ. ఎండలు వచ్చాక అదే తలుపు కుంచించుకుని మడతబందుల వైపుకు జరుగుతుంది. అందుకే వానాకాలంలో గడియ రంధ్రం తొలిచేవాడు దాన్ని అటువైపుకు కాస్త సాగదీసి వదలాలి. అలా వదిలితే గడియ వేశాక తలుపు కొద్దిగా ఆడుతుంది, గాలికి టకటకమంటుంది. ఆ నెలల్లో ఆ టకటక ఎవరికీ అక్కరలేదు. కదలకుండా బిగించమని అడిగారు. చెక్క సంగతి చెబితే ఎండాకాలం దాకా బతికుంటే చూద్దాంలే అన్నారు. అతను బిగించాడు. అడిగినవాళ్ళకే కాదు, అడగనివాళ్ళకూ అలాగే బిగించాడు. చివరికి తన తలుపుకూ.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. కొన్ని రోజుల్లో అంతా ముగిసిందన్నారు. కానీ గడియల పని ఆగలేదు, పెట్టించుకునే ఇళ్ళు మారాయి, భయం ఇప్పుడు ముస్లింల ఇళ్ళకు వెళ్ళింది. అంతదాకా గడియలు పెట్టించుకున్నవాళ్ళు కిటికీలు తెరుచుకున్నారు. కార్ఖానా బస్తీలో ఒక మున్షీగారు కబురు పెట్టారు. ఆయన కూతుళ్ళు వెనక గదిలో ఉన్నారు. సుత్తె చప్పుడు వీధిలోకి వినబడకుండా పని చెయ్యగలవా అని ఆయన అడిగారు. బ్రహ్మచారి మేకులు వాడకుండా అన్నీ మరలతో బిగించాడు. మున్షీగారు ఏమీ చెప్పలేదు. అంతవరకు విన్న కథలన్నిటికంటే ఆ చెప్పకపోవడమే అతన్ని ఎక్కువ రోజులు పట్టుకుంది.

నిద్ర దూరమైంది అప్పటి నుంచే. పడుకుంటే కళ్ళు మూతపడేవి, అంతలో గడియ వేశానా లేదా అనిపించేది. లేచి చూసేవాడు. వేసే ఉండేది. పడుకున్నాక, చీకట్లో సరిగా దిగిందా లేదా అనిపించేది. తన తలుపుకు పైన గడియ, కింద గడియ, నడుమ గడియ, ఆ పైన అడ్డకర్ర. అన్నీ తడిమి వచ్చేసరికి మొదటిది మళ్ళీ అనుమానంగా ఉండేది.

తెల్లారేసరికి ఒళ్ళు తడిసిన గోనెసంచిలా ఉండేది. అతని భార్య విమలమ్మ గసగసాలు నూరి పాలలో కలిపి ఇచ్చింది. అరికాళ్ళకు నూనె మర్దనా చేసింది. ఒక హకీం దగ్గర షర్బతు తెచ్చింది. పొరుగాయన మాట మీద కొన్నాళ్ళు కల్లు తాగాడు. దాంతో పడిపోయేవాడు కానీ నడుమ లేచేవాడు, అప్పుడు గుండె దడ రెండింతలు. ఎవరో తాయెత్తు కట్టించమన్నారు, అదీ కట్టించుకున్నాడు. కట్టించుకున్న తాయెత్తు ముడి బిగువుగా ఉందా లేదా అని అది కూడా చూసుకోవడం మొదలైంది. దాన్ని విప్పేశాడు.

మాఘమాసంలో రంపం దగ్గర పెద్ద పొరపాటు జరిగింది. మధుసూదన్ అనే ఆయన కలప అడితిలో బ్రహ్మచారి పెద్ద మిస్త్రీ. అడితికి వచ్చే తలుపుల పనిలో కొలతా కోతా అతనివే. లాలాగూడలో కొత్తిల్లు కట్టుకుంటున్న ఒకాయనకు వీధి తలుపు చెయ్యాలి. మంచి టేకు, ఏడాదిపాటు ఆరబెట్టినది. బ్రహ్మచారి కొలిచి గీత గీశాడు. నమ్మకం చాలక మళ్ళీ కొలిచి గీశాడు. తిండికి వెళ్ళివచ్చి ఇంకోసారి కొలిచాడు. పలక మీద వెంట్రుకవాసి తేడాతో మొదలైన గీతలు పక్కపక్కన పెరిగాయి. వాటికి కాస్త ఇవతల పాత పనికి గీసిన గీత ఒకటి ఉంది. రంపం దాని మీద నడిచింది. తలుపు రెక్క నిలబెట్టి చూస్తే కింద చెయ్యి దూరేంత సందు.

మధుసూదన్ కోప్పడలేదు. పలకను చూసి, పక్కకు పిలిచాడు.

"చారీ, నీ చేతికేం కాలే. తలకాయనే పరేషానయింది. జెర రోజులు రంపం ముట్టకు. బయటి పనులు చూస్కో, మడతబందులు, గడియలు గిట్ల."

"నన్ను తీసేస్తున్నవా సేటూ?"

"తీసేస్తే గిట్ల చెప్తనా? నిద్రపో ముందుగాల. రంపం యాడికీ పోదు."

మరునాటి నుంచి బ్రహ్మచారి నిలబడే చోట ఇంకొకడు నిలబడ్డాడు. రంపం ఎక్కడికీ పోదు నిజమే, కానీ కోత చెయ్యని మిస్త్రీ ఎన్నాళ్ళు మిస్త్రీగా ఉంటాడు? నిద్ర రాకపోతే రంపం రాదు. ఈ రాత్రి నిద్ర పట్టాలి అనుకుంటూ పడుకునేవాడు. అలా అనుకున్న రోజున అసలే పట్టేది కాదు.

అప్పుడు ఎండలు ముదిరాయి. వానల్లో బిగించిన గడియలన్నీ ఒక్కొక్క ఇంట్లో మొరాయించడం షురూ అయింది. తన పని తనే సరిచెయ్యాలి కాబట్టి పైసా అడగకుండా ఇల్లిల్లూ తిరిగాడు. అలా తిరుగుతూ రోసమ్మ ఇంటికి వచ్చాడు.

పై గడియ పని అయింది. మసి పూసిన కడ్డీ గుద్దుకోకుండా రంధ్రంలోకి వెళ్ళింది. అతను కింది గడియ దగ్గర కూర్చోబోతుంటే రోసమ్మ అది బాగు చెయ్యొద్దని, తీసెయ్యమని చెప్పింది. అతనికి అర్థం కాలేదు. డబ్బులేమీ అక్కర్లేదని, తప్పు తనదేనని చెప్పాడు.

"పైసల కోసం కాదు చారీ. రెండు గడియలుంటే రెండుసార్లు లేస్తున్న. ఒకటి తీసేస్తే ఒక్కసారే లేస్త."

ఆమె నవ్వకుండానే అంది. అతను మరలు విప్పి గడియను ఊడదీశాడు. మరల రంధ్రాల్లోకి టేకు ముక్కలు చెక్కి, సరేసు జిగురు రాసి, దిగ్గొట్టి, పైన సాపు చేశాడు. చెక్క రేఖ కలిసేలా ముక్కలు ఏరుకునేసరికి కొంచెం ఆలస్యమైంది. తర్వాత తలుపును ఆమెకు అప్పజెప్పాడు.

అప్పజెప్పడానికి అతని వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పని ముగించాక ఇంటి మనిషే తన చేత్తో తలుపు మూసి, గడియ వేసి, తీసి చూసుకోవాలి. ఒకసారి ఇంటివాళ్ళ చెయ్యి పడిన తర్వాత వడ్రంగి ఆ తలుపును ముట్టడు. ముట్టాడంటే పని మిగిలిపోయిందని తనే ఒప్పుకున్నట్టు. బ్రహ్మచారికి పని నేర్పిన మేనమామ, అప్పజెప్పిన తలుపుకు చేరగిలబడిన శిష్యుణ్ణి కూడా లేపేవాడు.

రోసమ్మ చేట పక్కన పెట్టి లేచి తలుపు మూసింది. గడియ వేసింది, తీసింది. బాగుంది అంది. బ్రహ్మచారి సంచి సర్దుకుని లేచాడు. లేచినవాడు గడియ మీదికి చెయ్యి చాపి, బొటనవేలితో కడ్డీని పైకి నెట్టి చూశాడు. పడింది. లాగి, ఇంకోసారి నెట్టాడు.

"నా చేతికి ఇచ్చినంక మళ్ళ నీ చెయ్యేందీ అక్కడ?" అంది రోసమ్మ.

అతని చెయ్యి ఆగిపోయింది. అన్నేళ్ళలో అలా ఎప్పుడూ చెయ్యలేదు.

"నిద్ర పడతలేదా నీకు?"

"పడ్తది అమ్మా."

"అబద్ధమెందుకు. పొద్దుగాల సంది చూస్తున్న. ఉలి పక్కన పెట్టినప్పుడల్లా నీ వేలు ఆ కడ్డీ మీదికే పోతున్నది. కండ్లు చూస్తే మూడు డ్యూటీలు ఒక్కతీరుగ చేసినోని లెక్కున్నయ్."

అతను సంచి కింద పెట్టి గడప పక్కన కూలబడ్డాడు. ఏదైనా మందుంటే ఇమ్మని అడిగాడు. మందు లేక కాదని, తాగితే మొద్దులా పడుకుంటాడనీ, తెల్లారి ఉలి పడితే చెయ్యి తెగ్గోసుకుంటాడనీ రోసమ్మ చెప్పింది. మరీ తినడం కూడా మానేసే దాకా వస్తే డాక్టరు దగ్గరికి తనే తీసుకుపోతానంది. ఆ మాట బెదిరింపులాగా కాకుండా, బజారుకు తీసుకుపోతానన్నట్టు అంది. తన సంగతి కూడా చెప్పింది. వార్డులో రాత్రి డ్యూటీలు చేసిన అలవాటు, పని మానేశాక కూడా ఆ వేళకు మెలకువ వస్తుంది. పోయిన ఏడు ఆ మెలకువకు భయం తోడైంది. మొదట దానితో పోట్లాడింది. ఇప్పుడు లేచి కూర్చుని, చింతపండో బియ్యమో ముందు వేసుకుంటుంది. కళ్ళు బరువెక్కితేనే మళ్ళీ మంచం ఎక్కుతుంది.

"పడతలేదంటే లేచి కూసో. చాప మీద పండి దానితోని కొట్లాడకు. పగటి పూట సుత కునుకు తియ్యకు. ఇంట్ల చెప్పినవా?"

"ఆమెకు తెల్సు."

"తెలిసే ఉంటది. నువ్వు చెప్పినవా అని అడుగుతున్న."

అతను సంచి భుజాన వేసుకున్నాడు. ఆమె కాస్త చింతపండు ఆకులో చుట్టి ఇచ్చి, గడియ బాగా చేశాడు కాబట్టి ఇక తన తలుపు జోలికి రావద్దని పంపించింది.

బోయిన్‌పల్లి నుంచి లాలాగూడ దాకా ఎండలో నడుస్తూ, తలుపు జోలికి రావద్దన్న ఆ మాటే తలచుకున్నాడు. ఊళ్ళో ఎన్నో తలుపులు చేశాడు. అప్పజెప్పిన ఏ తలుపు గురించీ తర్వాత ఆలోచించిన గుర్తు లేదు. తన ఇంటి తలుపు మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు. బిగించినవాడు తనే, ఇంటివాడూ తనే. ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంటికి వెళ్ళి విమలమ్మకు మొత్తం చెప్పాడు. పలక పొట్టిగా కోసిన సంగతి ఆమెకు తెలుసు. గీతల సంగతి, మున్షీగారి కూతుళ్ళ సంగతి తెలియదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇన్నాళ్ళూ తను కూడా మేలుకునే ఉండేదాన్నని, అతను లేచి తిరుగుతుంటే పలకరిస్తే సిగ్గుపడతాడేమోనని కళ్ళు మూసుకునేదాన్నని చెప్పింది.

మరునాడు తమ తలుపుకు ఒక్క గడియ ఉంచి మిగిలినవి తీసేద్దామని కూర్చున్నాడు. మరలు విప్పుతుంటే గడియల వరస పొడవునా పలక చీలి చేతిలోకి వచ్చింది. అన్ని రంధ్రాలు పడ్డాక ఆ చెక్కలో బలం ఏముంటుంది? రెక్క ఇక నిలబడదు. కొత్తది చెయ్యాలి.

అడితికి వెళ్ళి టేకు పలకలు అడిగాడు. కోత తన మనిషి చేస్తాడని మధుసూదన్ అన్నాడు. బ్రహ్మచారి తల అడ్డంగా ఊపి, ఇది తన ఇంటి తలుపని, తనే కోస్తానని చెప్పాడు.

"పొట్టిగైతదేమో మళ్ళ."

"అయితే పిల్లులకు మంచిగ దారైతది. నా ఇంట్లకే గదా వచ్చేది."

మధుసూదన్ నవ్వి పలకలు వెయ్యించాడు.

తలుపు లేని ఇంటికి విమలమ్మ గోనెపట్టా వేలాడదీసింది. బ్రహ్మచారి దాని ముందు అడ్డంగా చాప వేసుకున్నాడు. వేయడానికి గడియ లేదు, తడమడానికి ఏమీ లేదు. మొదటి రోజు భయంతోనే తెల్లవారింది. లేచి కూర్చుని ఉలికి సాన పట్టాడు. మరునాడు పగలు ఎంత తూగు వచ్చినా పడుకోలేదు. ఆ రాత్రి గడిచి తెల్లవారాక విమలమ్మ అతన్ని కాలితో కదిపి, గురక పక్కింటి దాకా వినబడిందని చెప్పింది. అతను నమ్మలేదు. చాప గీతలు చెంప మీద పడి ఉన్నాయని ఆమె అద్దం చూపించింది. ఆ తర్వాతి రోజు మళ్ళీ పట్టలేదు. అలా ఒక రోజు వచ్చి ఒక రోజు రాకుండా నడిచింది.

పని మాత్రం నడిచింది. పలక మీద ఒక్కసారి కొలిచి ఒక్క గీత గీశాడు. ఇంకోసారి కొలవాలని చెయ్యి లాగింది. కొలబద్దను విమలమ్మ చేతికిచ్చి, కోత పూర్తయ్యేదాకా తనకు ఇవ్వొద్దన్నాడు. ఆమె దాన్ని బియ్యం కుండ వెనక పెట్టింది. రంపం గీత వెంబడి పోతుంటే అతని మెడ మీద చెమట కారింది. కోసిన పలకను దర్వాజలో నిలబెట్టి చూశాడు. పైనా కిందా కావలసినంతే ఉంది. పలకలు జోడించి, సరేసు ఆరనిచ్చి, చిత్రిక పట్టాడు. వానలకు ఉబ్బేందుకు పక్కన సందు వదిలాడు. ఒక్క గడియ బిగించాడు. ఈసారి రంధ్రాన్ని రెండు కాలాలకూ సరిపోయేలా పొడుగ్గా తొలిచాడు. గడియ వేస్తే తలుపు కొద్దిగా ఆడింది, టకటకమంది. అలాగే వదిలేశాడు.

పొద్దు వాలుతుండగా విమలమ్మను పిలిచాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ఏం చెయ్యాలని అడిగింది. అతను చెప్పాడు.

"నా ఇంటి తలుపు నాకే అప్పజెప్పుడేందయ్యా?"

"పనైంది. ఇంకెవరికి ఇయ్యాలె?"

అతను పనిముట్లు తీసుకుని బయటికి వచ్చి నిలబడ్డాడు. ఆమె లోపలి నుంచి తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు వినబడింది. తలుపు ఆడింది. అతని చెయ్యి కొంచెం లేచింది. దాన్ని సంచి వైపుకు తిప్పి ఉలిని గుడ్డలో చుట్టాడు. ఆమె గడియ తీసి, మళ్ళీ వేసి, ఇంకోసారి తీసి తలుపు తెరిచింది.

"మంచిగున్నది," అంది. "జెర చప్పుడైతది."

"అయితది. ఉండనియ్యి."

"రాత్రి నేనే వేస్త. నువ్వు ముట్టకు."

"ముట్టను," అన్నాడు బ్రహ్మచారి. సంచి మూతి కట్టి గోడకు ఆనించాడు. ఆమె తలుపును తన చేత్తో వెనక్కి తోసి, అతనికి లోపలికి దారి ఇచ్చింది.